పాత ఇంటి వైరింగు – పదే పదే పడిపోయే బ్రేకరు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు మాట్లాడటానికి లేచాడంటే క్యాష్ బుక్కు గురించో, మహాజన సభ జరపలేదనో, ఆడిటు అభ్యంతరాలకు జవాబు పంపలేదనో చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. ఇవాళ ఆ ఊసు ఎత్తను. ఎత్తినా చివర ఒక్క ముక్క మాత్రమే. నేను ఈ శాఖలోకి రాకముందు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. కరెంటు చదివి పద్దులు చూసుకుంటున్నాడని మా ఇంట్లో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఏ సంఘానికి తనిఖీకి వెళ్లినా, రిజిస్టర్లు బల్ల మీదికి వచ్చేలోగా నా కళ్లు గోడ మీది మెయిను బోర్డు వైపు పోతాయి. అలా పోవటానికి కారణం ఒకటి ఉన్నది. అది తరువాత చెబుతాను.

మన సంఘాలలో సొంత భవనం లేనివి చాలా ఉన్నాయి. అద్దెకు తీసుకున్న పాత పెంకుటింట్లోనో, మిద్దెలోనో ముందు గదిలో పాలు పోయించుకుంటారు. సభ్యుల ఇళ్లు కూడా ఎక్కువ భాగం అటువంటివే. ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో వైరింగు చేసినప్పుడు గదికి ఒక బల్బు, సావిట్లో ఒక ఫ్యాను, రేడియోకు ఒక ప్లగ్గు, అంతే లెక్క. ఇవాళ అదే తీగ మీద ఫ్రిజ్జు, మిక్సీ, టీవీ, ఇన్వర్టరు, వేడినీళ్ల రాడ్డు, నీళ్ల మోటారు, పెరట్లో గడ్డి కత్తిరించే యంత్రం ఆడుతున్నాయి. ఎద్దుబండి మీద లారీ సరుకు ఎత్తినట్లున్నది వ్యవహారం. అందుకనే ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు అడుగుతారు: “ఇన్‌స్పెక్టరుగారూ, బ్రేకరు ఊరికే పడిపోతోందండీ, పెద్దది వేయించమంటారా?” అని.

వేయించవద్దు అనేది నా జవాబు. ఎందుకు వద్దో వివరంగా చెబుతాను.

బ్రేకరు కాపలా కాసేది తీగకు

మన ఇళ్లలో పూర్వం ఉన్నది పింగాణీ ఫ్యూజు. దానిలో సన్నని తీగ కరిగి తెగిపోయేది. దాని స్థానంలో వచ్చినదే ఎం.సి.బి., మీరు బ్రేకరు అంటున్నది. దాని లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి రెండు లోహాలు కలిపి అతికించిన చిన్న రేకు. కరెంటు ఎక్కువగా లాగితే అది వేడెక్కి వంగి మీటను పడగొడుతుంది. దీనికి కొంత సమయం పడుతుంది. రెండవది తీగచుట్ట. షార్టు అయినప్పుడు ఒక్కసారిగా వచ్చే పెద్ద కరెంటుకు అది అయస్కాంతమై రెప్పపాటులో మీటను లాగేస్తుంది.

బ్రేకరు మీద 6 అని, 10 అని, 16 అని అంకె ఉంటుంది. అది ఆంపియర్ల లెక్క. 16 ఆంపియర్ల బ్రేకరు తన అంకెకు 1.13 రెట్లు కరెంటు పోయినా గంటలోపల పడిపోకూడదు, 1.45 రెట్లు పోతే గంటలోపల తప్పక పడిపోవాలి అని ప్రమాణం. ఇంతకన్నా ఎక్కువ లాగినకొద్దీ ఇంకా త్వరగా పడిపోతుంది. ఈ అంకెను ఎంచేది గోడలో ఉన్న తీగ ఎంత మోయగలదో చూసి. మోటారు ఎంత అడుగుతుందో చూసి కాదు. ఇప్పటి కొలతలలో లైట్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, పవర్ ప్లగ్గుకు 2.5 వాడుతున్నాము. పాత ఇళ్లలో ఉన్నది ‘మూడు బై ఇరవైరెండు’ తీగ. చదరపు మిల్లీమీటర్లలోకి మారిస్తే అది 1.2కు లోపే. 1960, 70 దశకాలలో రాగి దొరకటం కష్టమై చాలా ఇళ్లకు అల్యూమినియం తీగ లాగారు. అది అదే లావులో రాగి మోసేదానికన్నా బాగా తక్కువ మోస్తుంది. అటువంటి తీగ ముందు 16 పడిపోతున్నదని 32 బిగిస్తే ఏమవుతుంది? బ్రేకరు పడదు. తీగ కాలుతుంది. చెక్క కేసింగులో తీగ కాలితే దూలం దాకా పోతుంది.

మాది కూడా పాత పెంకుటిల్లే. పాలిటెక్నిక్‌లో రెండవ సంవత్సరం చదివే రోజులలో సెలవులకు ఇంటికి వచ్చాను. సంక్రాంతి పిండివంటల రోజు ఫ్యూజు పోయింది. మా అమ్మ చీకట్లో తిడుతున్నది. ఒక్క పోగు వేయవలసిన చోట నేను మూడు పోగులు మెలిపెట్టి వేశాను. ఇక పోదులే అన్నాను. పోలేదు నిజమే. మూడవ రోజున వంటింటి స్విచ్చు వెనుక చెక్క నల్లగా మాడి ఉన్నది. చదువుకున్నవాడు చేసిన పని అది. కనుక మీలో ఎవరైనా అలా చేసి ఉంటే సిగ్గుపడవలసిన పని లేదు, ఇవాళ ఇంటికి పోయి తీసివేస్తే చాలు.

ఎప్పుడు పడిందో చూస్తే ఎందుకు పడిందో తెలుస్తుంది

డాక్టరు జ్వరం ఏ వేళకు వస్తున్నదని అడిగినట్లే, బ్రేకరు ఏ వేళకు పడుతున్నదని నేను అడుగుతాను. మీట పైకి ఎత్తిన వెంటనే ఠపీమని పడిపోతే అది షార్టు. ఫేజు, న్యూట్రలు ఎక్కడో కలుసుకున్నాయన్న మాట. పది నిమిషాలో, ఇరవై నిమిషాలో ఆగి పడిపోతే అది బరువు ఎక్కువై కావచ్చు, లేదా బ్రేకరు స్క్రూ వదులై అక్కడే వేడి పుడుతూ ఉండవచ్చు. వాన పడినప్పుడు మాత్రమే పడుతుంటే ఎక్కడో కరెంటు గోడలోకో, నేలలోకో కారుతున్నది.

బరువు లెక్క మీరే వేసుకోవచ్చు. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. ఒక సభ్యుని ఇంట్లో తెల్లవారుజామున అయిదింటికి రోజూ బ్రేకరు పడిపోయేది. పాలు తీసే వేళ కదా, ఆయన చిరాకు చెప్పనలవి కాదు. వెళ్లి చూశాను. వేడినీళ్లకు 1500 వాట్ల రాడ్డు, అది ఆరున్నర ఆంపియర్లు. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు, సుమారు ఆరు. గడ్డి యంత్రానికి రెండు హార్స్‌పవర్ మోటారు, పన్నెండు దాకా. మొత్తం ఇరవై నాలుగున్నర. బ్రేకరు 16ది. పైగా మోటారు బయలుదేరేటప్పుడు కొద్ది క్షణాలు అయిదారు రెట్లు లాగుతుంది. పడక ఏం చేస్తుంది? ఆయన కొత్తది ఏమీ కొనలేదు. గడ్డి ముందు రోజు సాయంత్రమే కత్తిరించి పెట్టుకున్నాడు. అంతే. తరువాత పంట డబ్బులు వచ్చాక గడ్డి యంత్రానికి బోర్డు నుంచి వేరే తీగ, వేరే బ్రేకరు వేయించుకున్నాడు.

షార్టు వెతికే పద్ధతి కూడా కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. ముందు చేతులు తుడుచుకోండి, కాళ్లకు చెప్పులు వేసుకోండి. ఇంట్లో అన్ని స్విచ్చులు ఆర్పి, అన్ని ప్లగ్గులు పీకేయండి. స్విచ్చు ఆర్పితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఎందుకంటే స్విచ్చు కోసేది ఒక్క ఫేజునే. న్యూట్రలు తగిలే ఉంటుంది. బోర్డులో చిన్న బ్రేకర్లన్నీ దించి, మెయిను ఎత్తండి. తరువాత ఒక్కొక్కటే ఎత్తుకుంటూ రండి. పడిపోయిన మీటను ముందు పూర్తిగా కిందికి నొక్కి అప్పుడు పైకి ఎత్తాలి. కొన్ని రకాలలో మీట సగంలో ఆగి ఉంటుంది, అలాగే ఎత్తితే నిలవదు, చెడిపోయిందని కొత్తది కొనేవారున్నారు. ఏది ఎత్తితే పడుతున్నదో ఆ లైనులోనే జబ్బు ఉన్నది. అన్నీ పీకిన తరువాత నిలిచిందా? సామాను ఒక్కొక్కటే తగిలించి చూడండి. ఇస్త్రీపెట్టె తగిలించగానే పడితే ఇస్త్రీపెట్టెదే దోషం. ఒకసారి ఒక ఇంట్లో మేమందరం గోడలు తట్టి తట్టి చూశాము, చివరకు దోషం మిక్సీ తీగలో బయటపడింది. ఎలుక కొరికింది.

అన్నీ పీకినా, అన్నీ ఆర్పినా పడిపోతుంటే మాత్రం తీగలోనే షార్టు ఉన్నది. అక్కడితో మీ పని ఆపండి. ఆ బ్రేకరు దించి, దాని మీద అట్ట ముక్క అంటించి, లైసెన్సు ఉన్న వైర్‌మన్‌ను పిలవండి. మళ్లీ మళ్లీ ఎత్తి చూడవద్దు. ఎత్తిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ పుడుతుంది.

పాత వైరింగు ఎక్కడ చెడుతుంది

వైరింగు చెడేది ఎక్కువగా అతుకుల దగ్గర. పాత ఇళ్లలో తీగలు రెండు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి వదిలారు. ఆ టేపు ఏళ్ల తరబడి ఎండి పొడి రాలుతుంది. అల్యూమినియానికి గాలి తగిలి పైన పొర కడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనివ్వదు. అల్యూమినియానికీ రాగికీ నేరుగా అతుకు వేస్తే, ముఖ్యంగా తేమ తగిలే చోట, ఇంకా త్వరగా పాడవుతుంది. స్క్రూ కింద బిగించిన అల్యూమినియం కాలక్రమాన అణిగి వదులవుతుంది. వదులైన చోట వేడి, వేడి వలన ఇంకా వదులు. ఈ రకం దోషానికి బ్రేకరు పడదు సుమా! కరెంటు మామూలుగానే పోతుంటుంది, ఒక్క చోట మాత్రం నిప్పు తయారవుతుంటుంది. అందుకని బ్రేకరు పడలేదు గనుక అంతా బాగున్నదని అనుకోవద్దు. స్విచ్చు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండటం, ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక, కాలిన వాసన, మోటారు వేయగానే లైట్లు బాగా తగ్గటం, ఇవి కనబడితే చూపించుకోవాలి. మూడు ఫేజుల కనెక్షను ఉన్న ఇంట్లో కొన్ని లైట్లు మసకబారి కొన్ని మామూలుకన్నా ఎక్కువగా వెలుగుతుంటే అది మరీ ప్రమాదం. న్యూట్రలు ఎక్కడో వదులైంది. వెంటనే మెయిను దించి కరెంటు ఆఫీసుకు చెప్పాలి. 1912 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆలస్యం చేస్తే ఫ్రిజ్జు, టీవీ, పాల పరీక్ష యంత్రం అన్నీ కలిసి పోతాయి.

ఇంకొక అలవాటు గురించి చెప్పాలి, మన ఊళ్లలో బాగా ఉన్నది. న్యూట్రలు తెగిపోతే, వైర్‌మన్ వచ్చేదాకా ఆగలేక, ఎర్తు తీగనే న్యూట్రలుగా తగిలించి బల్బు వెలిగించుకుంటారు. బల్బు వెలుగుతుంది. కాని ఆ ఎర్తు ఎక్కడైనా సరిగా లేకపోతే ఆ బల్బులోంచి వచ్చిన కరెంటు ఫ్రిజ్జు తలుపుకు, మోటారు ఒంటికి, ఎర్తు తగిలిన ప్రతి ఇనుప వస్తువుకు చేరుతుంది. పక్కింటివారితో ఒకే ఎర్తు అయితే వారి ఇంటికి కూడా. దయచేసి ఎవ్వరూ అలా చేయవద్దు.

కారే కరెంటు

ఇప్పటిదాకా చెప్పిన ఎం.సి.బి. ఇంటిని, తీగను కాపాడుతుంది. మనిషిని కాపాడదు. మనిషి ఒంటిలోంచి ఆంపియరులో ఇరవయ్యవ వంతు పోయినా ప్రాణం పోవచ్చు. 16 ఆంపియర్ల బ్రేకరుకు అది లెక్కలోకే రాదు. మనిషి కొరకు ఉన్నది వేరే బ్రేకరు. దానిని ఆర్.సి.సి.బి. అంటారు, దుకాణంలో కొందరు ఇప్పటికీ ఇ.ఎల్.సి.బి. అనే పిలుస్తారు. ఫేజులో పోయిన కరెంటు అంతా న్యూట్రలులో తిరిగి వస్తున్నదా లేదా అని అది చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే క్షణంలో మూడవ వంతులోపలే తెంచివేస్తుంది. దాని మీద ‘టెస్టు’ అనే చిన్న బొత్తాం ఉంటుంది. నెలకు ఒకసారి నొక్కితే పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్లే. అయితే ఫేజును ఒక చేత్తో, న్యూట్రలును మరొక చేత్తో పట్టుకుంటే అది కూడా ఏమీ చేయలేదు, దానికి మీరు ఒక బల్బులా కనబడతారు.

పాత ఇంట్లో ఇది పెట్టించగానే ఒక చిక్కు వస్తుంది. పెట్టిన రోజు నుంచే పడిపోవటం మొదలు. “కొత్తది పెట్టించి కొరివితో తల గోక్కున్నాము” అని తీసివేయించినవారు నాకు తెలుసు. అది పడటానికి కారణం పాత వైరింగే. గోడలో తడి తగిలి కారటం ఒకటి. ఆనాటి పనివారు తీగ ఆదా కొరకు ఒక లైనుకు ఇంకొక లైను న్యూట్రలు తగిలించటం రెండవది. ఆర్.సి.సి.బి. గుండా పోయిన కరెంటు వేరే దారిలో తిరిగి వస్తే అది కారినట్లే లెక్క వేసుకుంటుంది. ఎక్కడో న్యూట్రలు ఎర్తుకు తగిలి ఉండటం మూడవది. వైర్‌మన్ దగ్గర మెగ్గరు ఉంటే 500 వోల్టులతో పరీక్ష చేసి ఏ తీగ కారుతున్నదో చెప్పగలడు. ఒక మెగా ఓము కన్నా తక్కువ చూపితే ఆ తీగ మార్చవలసిందే. అందుచేత అది పడిపోతుంటే తీసివేయకండి, ఇంట్లో దొంగ ఎక్కడున్నాడో అది చెబుతున్నది.

ఇక మన పశువుల సంగతి. గేదెకు మనకన్నా ముందుగా కరెంటు తెలుస్తుంది. చెప్పులు లేవు, తడి నేల మీద నాలుగు కాళ్లతో నిలబడుతుంది, తడి మూతి తొట్టిలో పెడుతుంది. మనకు తెలియని రెండు మూడు వోల్టులకే అది బెదరటం మొదలుపెట్టవచ్చు. ఒక సభ్యురాలు, పెద్దావిడ, తన గేదె కుడితి తొట్టి దగ్గరకు రావటం లేదు, వచ్చినా మూతి పెట్టి వెనక్కు తీస్తున్నది, సరిగా చేపటం లేదు, రెండు పూటలా కలిపి లీటరు పైగా తగ్గింది అని చెప్పింది. దిష్టి తీయించింది, మిరపకాయలు కాల్చింది, పశువుల డాక్టరుకు చూపించింది. ఆయన జబ్బేమీ లేదన్నాడు. నేను వెళ్లేసరికి తొట్టి పక్కనే నీళ్ల మోటారు ఉన్నది. టెస్టరు పెడితే వెలగలేదు. టెస్టరు వెలగాలంటే అరవై, డెబ్బై వోల్టులైనా కావాలి, అందుకని టెస్టరు వెలగలేదని ధీమా పడవద్దు. మీటరు తెప్పించి తొట్టిలో నీళ్లకూ నేలకూ మధ్య చూస్తే మోటారు ఆడుతున్నప్పుడు నాలుగు వోల్టులు. మోటారు లోపలి చుట్ట దెబ్బతిని దాని ఒంటికి కారుతున్నది, ఎర్తు తీగ ఎప్పుడో తుప్పు పట్టి తెగింది. మోటారు బాగు చేయించి ఎర్తు వేయించాక గేదె వారంలో దారికి వచ్చింది. ఆ అమ్మ మాత్రం మిరపకాయల వల్లనే తగ్గిందని ఇప్పటికీ అంటుంది. నేను వాదించలేదు.

ఆమె అదృష్టవంతురాలు. నాలుగు వోల్టుల దగ్గర గేదె చెప్పింది. అదే వానకు ఇనుప గుంజకు పూర్తి కరెంటు వచ్చి గొలుసుతో కట్టిన గేదె రాత్రికి రాత్రి చనిపోయిన ఇళ్లు మీ ఊళ్లలోనే మీకు తెలుసు. పాకలోకి లాగే తీగను ఇనుప స్తంభానికి చుట్టవద్దు, రేకుల మీదుగా లాగవద్దు. పశువును కట్టే గుంజ కర్రదైతే మేలు.

ఎర్తు గుంత గురించి రెండు మాటలు. 38 మిల్లీమీటర్ల జి.ఐ. గొట్టం, కనీసం రెండున్నర మీటర్లు భూమిలోకి దిగాలి, చుట్టూ బొగ్గు, ఉప్పు. ఎండాకాలం నీళ్లు పోయాలి. గుంత ఉన్నదని సంతోషించకుండా, అక్కడి నుంచి ప్లగ్గు మూడవ రంధ్రం దాకా తీగ నిజంగా వచ్చిందా అని చూడాలి. పాత ఇళ్లలో చాలా చోట్ల మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, మూడవ పిన్నుకు వెనుక ఏమీ ఉండదు.

మొదట చెబుతానన్న సంగతి

2013 వానాకాలంలో నా పరిధిలోని ఒక సంఘం. పేరు చెప్పను. పాత పెంకుటింటి ముందు గదిలో పాల సేకరణ. అక్కడ ఫ్యూజు తరచు పోయేది, ఎవరో లావుపాటి తీగ వేశారు, పోవటం మానింది. కార్యదర్శి బుద్ధిమంతుడు. గది మొత్తం వైరింగు మార్చి, ఎర్తు గుంత తీసి, ఆర్.సి.సి.బి. పెట్టించాలని కార్యవర్గంలో తీర్మానం వ్రాయించాడు. 22 వేల రూపాయల ఖర్చు. తనిఖీకి వెళ్లిన నేను ఆ తీర్మానం మీద అభ్యంతరం వ్రాశాను. బడ్జెటులో పద్దు లేదు, రెండవ కొటేషను లేదు, మహాజన సభ ఆమోదం లేదు. మూడూ నిజమే. నిబంధన ప్రకారం నేను వ్రాసినదానిలో ఒక్క అక్షరం తప్పు లేదు. పని ఆగిపోయింది, మహాజన సభ దాకా చూద్దామన్నారు.

రెండు నెలల తరువాత ఒక వాన రోజు ఉదయం పాలు పోసే వేళ. వెన్న శాతం చూసే యంత్రం పెట్టిన ఇనుప బల్ల కాలు కింద నలిగిన తీగ నుంచి బల్లకు కరెంటు వచ్చింది. తడి నేల మీద వట్టి కాళ్లతో వరుసలో నిలబడిన ఒక సభ్యురాలు స్టీలు బిందెను ఆ బల్లకు ఆనించింది. వదిలించుకోలేకపోయింది. సహాయకుడు పరుగెత్తి మెయిను దించాడు గనుక ప్రాణం దక్కింది. పడటంలో గడప తగిలి కుడి మణికట్టు విరిగింది. బల్లకు ఎర్తు ఉండి, ఫ్యూజు తీగ సరైనదైతే ఆమె ముట్టుకోకముందే ఫ్యూజు పోయి ఉండేది. ఆర్.సి.సి.బి. ఉన్నట్లయితే తాకీ తాకకముందే తెగిపోయేది. ఆ మూడూ ఆ 22 వేలలో ఉన్నవే.

ఆమెకు రెండు గేదెలు ఉండేవి. చెయ్యి అతికింది కాని, పిండటానికి బిగువు రాలేదు. రెండూ అమ్మివేసింది. తరువాతి తనిఖీకి నేను వెళ్లినప్పుడు పాల రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా ఖాళీ గళ్లు కనబడ్డాయి. నా అభ్యంతరం మీద ఆ ఏడాదే ‘పరిష్కరించబడినది’ అని వ్రాసి నేనే సంతకం చేశాను.

అందుచేత కార్యదర్శులు, కార్యవర్గం వారు ఒక్క ముక్క వినండి. ఈ పనికి నాలాంటివాడు అభ్యంతరం వ్రాయటానికి చోటు లేకుండా తీర్మానం వ్రాయండి. లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేత గది పరీక్ష చేయించి, ఏ దోషాలు ఉన్నవో కాగితం మీద సంతకంతో తీసుకొని తీర్మానానికి జతచేయండి. రెండు మూడు కొటేషన్లు అదే వారంలో తెప్పించండి. ప్రాణాపాయం ఉన్నది గనుక అత్యవసర మరమ్మతు అని తీర్మానంలో స్పష్టంగా వ్రాసి, మీ బైలాలు అనుమతించిన మేరకు పని మొదలుపెట్టి, వచ్చే మహాజన సభలో ఆమోదం పొందండి. మొత్తం ఒకేసారి చేతకాకపోతే ఆర్.సి.సి.బి., ఎర్తు మొదట. తీగ మార్పు తరువాత. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే అద్దె ఒప్పందంలో ఆ షరతు వ్రాయించండి. కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న సామానే కొని బిల్లు ఫైలులో పెట్టండి. బిల్లు లేకపోతే మాత్రం అభ్యంతరం తప్పదు, అది నా ఉద్యోగం.

ఎవరికైనా షాకు కొడితే చేత్తో లాగవద్దు. ముందు మెయిను దించాలి. మెయిను దూరమైతే పొడి కర్రతో తీగను తప్పించాలి, వెంటనే 108కి ఫోను చేయాలి. మెయిను ఎక్కడున్నదో ఇంట్లో ఆడవారికి, బడికి వెళ్లే పిల్లలకు కూడా చూపించి పెట్టండి. దాని ముందు బియ్యం బస్తాలు, దాణా బస్తాలు పేర్చవద్దు.

భోజనాల తరువాత నేను ఈ హాలు మెయిను బోర్డు దగ్గర ఉంటాను. టెస్టు బొత్తాం నొక్కి చూపిస్తాను, పడకపోతే ఈ భవనం వారికి కూడా చెబుదాము. ఇంటి దగ్గర బ్రేకరు పడుతున్నవారు ఏ వేళకు పడుతున్నది, అప్పుడు ఇంట్లో ఏమేమి ఆడుతున్నాయి, బ్రేకరు మీద అంకె ఎంత అన్నది ఒక చీటీ మీద వ్రాసుకొని రండి. చదువు రానివారు చెబితే నేనే వ్రాసుకుంటాను.